కిరణ్ అబ్బాయా, అమ్మాయా?

(పోయిన ఆదివారం సాయంత్రం మా గ్రంథాలయంలో ఒక రిటైర్డ్ తెలుగు టీచరుగారు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినబడుతోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గించండి బాబూ, చప్పుడుకి నా మాట మునిగిపోతోంది. ఆ, ఇప్పుడు బాగుంది.

ఈ రోజు ఒక్క పేరు గురించే మాట్లాడతాను. ఒక్క పేరు గురించి గంటసేపు ఏం మాట్లాడతారని మీలో కొందరికి అనిపించవచ్చు. నేను ముప్పై ఏళ్ళకు పైగా రోజూ పొద్దున్నే పేర్లు పిలిచినదాన్ని. అటెండెన్స్ అంటే పిల్లలకి ఒక్క నిమిషం పని. టీచరుకి మాత్రం అది రోజూ నలభై యాభై పేర్లని నోటితో పలికే పని. అన్నేళ్ళు పలికితే పేర్లు మనతో మాట్లాడటం మొదలుపెడతాయండీ.

నేను కొత్త స్కూలుకి ట్రాన్స్‌ఫరై వెళ్ళిన మొదటి రోజు. తొమ్మిదో తరగతి. రిజిస్టరు ఇంకా తయారు కాలేదని ఒక తెల్లకాగితం మీద పేర్లు రాసిచ్చారు. ఇంటిపేర్లు లేవు, అబ్బాయిలు వేరుగా అమ్మాయిలు వేరుగా లేరు, అందరూ కలిసే ఉన్నారు. చదువుకుంటూ వచ్చి "కిరణ్" అన్నాను. "ప్రెజెంట్ మేడం" అని రెండు గొంతులు. తలెత్తి చూస్తే వెనక బెంచీలో ఒక అబ్బాయి, ముందు బెంచీలో ఒక అమ్మాయి నిలబడి ఉన్నారు. క్లాసంతా ఒకటే నవ్వు.

అప్పుడు నేనేం చేశానో చెప్తాను. అబ్బాయిని ఏమీ అడగలేదు. అమ్మాయి వైపు తిరిగి, "నీ పూర్తి పేరేంటమ్మా? కిరణ్మయా?" అన్నాను. ఆ పిల్ల తల దించుకుని, "కాదు మేడం, కిరణే" అంది. చూశారా? అబ్బాయి పేరు నాకు సరిపోయింది. అమ్మాయి పేరుకి మాత్రం ఇంకేదో తోక ఉండాలనుకున్నాను. ఆ పిల్ల దించుకున్న తల ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. ఈ పేరు వెంట పడటం ఆ రోజే మొదలైంది.

మీలో ఎంతమంది ఇళ్ళల్లో కిరణ్‌లు ఉన్నారు? ఒకసారి చేతులెత్తండి. ఒకటి, రెండు, మూడు... ఆరుగురు. అమ్మా, మీ కిరణ్ అబ్బాయేనా? మీ వారా! మంచిది. అయ్యా, మీ ఇంట్లో? కోడలా? ఏ ఊరి అమ్మాయి? ఇండోరా. ఇండోరు అమ్మాయి అని చెప్పారు కదా, దాన్ని గుర్తుపెట్టుకోండి. మళ్ళీ అక్కడికే వస్తాను.

ముందు మాట పుట్టుక చూద్దాం. సంస్కృతంలో 'కౄ' అని ఒక ధాతువు ఉంది. చల్లడం, వెదజల్లడం దాని అర్థం. 'కిరతి' అంటే వెదజల్లుతున్నాడు అని. పొలంలో రైతు గుప్పిట్లోంచి విత్తనాలు జల్లుతాడే, ఆ పని. సూర్యుడు వెలుగుని అలా జల్లుతాడు కాబట్టి అది కిరణం. వెలుగుకి ముందు ఈ మాటలో ఉన్నది చల్లే చెయ్యన్నమాట. సైన్సు పుస్తకంలో వికిరణం చదువుకున్నాం, అది ఇదే. జనాకీర్ణం అంటాం, అందులోని కీర్ణం ఇదే. సంకీర్ణ ప్రభుత్వం అని రోజూ పేపర్లో చదువుతామా, ఆ సంకీర్ణం కూడా ఈ ధాతువు నుంచి వచ్చిందే. కలగాపులగంగా చల్లినది అని. సంకీర్ణ ప్రభుత్వమూ మీ ఇంట్లో కిరణూ ఒక తల్లి పిల్లలే!

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ మాట మగదా, ఆడదా? దీనికి మనకో పాత పుస్తకం ఉంది, అమరసింహుడు రాసిన సంస్కృత నిఘంటువు, అమరకోశం. దాని అసలు పేరు 'నామలింగానుశాసనం'. అంటే పేర్లనీ వాటి లింగాన్నీ చెప్పే శాస్త్రం. మన సమస్యే ఆ పుస్తకం పేరు! అందులో కిరణానికి పర్యాయపదాలు చెబుతూ కిరణ, మయూఖ, అంశు, గభస్తి అని వరసపెట్టి, చివర ఏమంటాడో వినండి: "భానుః కరో మరీచిః స్త్రీపుంసయోర్దీధితిః స్త్రియామ్". మరీచి స్త్రీలింగంలోనూ పుంలింగంలోనూ ఉంటుంది, దీధితి స్త్రీలింగం అని. తక్కినవి పుంలింగం. అంటే వెలుగురేకల్లో కొన్ని మగవి, ఒకటి ఆడది, ఒకటి రెండూను. మరీచి అని పురాణాల్లో ఒక మహర్షి ఉన్నాడు, బౌద్ధుల్లో మరీచి అని ఒక దేవత ఉంది. ఒకే మాట, రెండు రూపాలు. దాని గురించి గొడవపడినవాళ్ళు లేరు.

మరి సంస్కృతంలో కిరణ పుంలింగమైతే పేరు కూడా మగపేరే కావాలిగా? కాదండీ. రశ్మి కూడా సంస్కృతంలో పుంలింగమే. మీకెవరికైనా రశ్మి అనే మగవాడు తెలుసా? కీర్తి స్త్రీలింగం. కానీ 1983లో ప్రపంచకప్పు గెలిచిన జట్టులో కీర్తి ఆజాద్ ఉన్నాడు. భాను పుంలింగం. మనకి భానుప్రకాశ్‌లు ఎంతమందో, భానుమతులూ భానుప్రియలూ అంతమంది. కాబట్టి సంస్కృత లింగం పేరుని కట్టిపడెయ్యలేదు. మరి నిర్ణయించేదేది?

నాకు అర్థమైనది చెప్తాను. ఆ మాట ఏ భాషలోకి వెళ్ళి కూర్చుందో ఆ భాష.

మనం 'ఆశాకిరణం' అంటామా, దాన్నే హిందీలో 'ఆశా కీ కిరణ్' అంటారు. 'కీ'! స్త్రీలింగం. ఉర్దూలో 'ఉమీద్ కీ కిరన్', అక్కడా 'కీ'. పంజాబీలోనూ స్త్రీలింగమే. మరాఠీకి వెళ్ళండి: 'ఆశేచా కిరణ్'. 'చా' అంటే పుంలింగం. గుజరాతీలో 'ఆశానుం కిరణ్'. 'నుం' అంటే నపుంసకం. ఒకే మాట సంస్కృతం ఇల్లు విడిచి బయలుదేరి ఒక ఊళ్ళో ఆడపిల్లయింది, ఇంకో ఊళ్ళో మగపిల్లాడయింది, మరో ఊళ్ళో ఏదీ కాకుండా ఉంది. ఇప్పుడు పేర్లు చూడండి. కిరణ్ బేడీ పంజాబు ఆవిడ, అమృత్‌సర్‌లో పుట్టారు. వికెట్ కీపర్ కిరణ్ మోరే మరాఠీ ఇంటివాడు, 49 టెస్టులు ఆడాడు. పాకిస్తాన్‌లో కిరణ్ బలూచ్ అని ఒక అమ్మాయి ఉండేది. 2004లో కరాచీలో వెస్టిండీస్ మీద 242 పరుగులు చేసింది. మహిళల టెస్టుల్లో అంతకన్నా పెద్ద స్కోరు లేదు. హద్దుకి అటు ఉర్దూ, ఇటు హిందీ, పంజాబీ. మతం వేరైనా 'కీ' ఒకటే, కాబట్టి పేరు ఎక్కువగా ఆడపిల్లలకి వెళ్ళింది. మీ ఇండోరు కోడలు ఎందుకు కిరణ్ అయిందో తెలిసిందా అండీ?

అయితే దీన్ని లెక్కల సూత్రంలా పట్టుకోకండి. షోలాపూరు నుంచి వచ్చి 2022లో భారత జట్టుకి టీ20 ఆడిన కిరణ్ నవ్‌గిరే అమ్మాయే. మరాఠీ 'చా' ఆ అమ్మాయిని ఆపలేదు. భాష దారి చూపిస్తుంది, చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళదు. అంతవరకే.

ఇక మన సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఓపిక పట్టండి.

తెలుగులో కిరణం అనేది నపుంసకం, చెట్టులా పుట్టలా. కాబట్టి 'కీ', 'చా' మనకి సాయం రావు. మరి మన పేర్లలో ఆడ, మగ ఎక్కడుంటుంది? మీ తాతల పేర్లు గుర్తుచేసుకోండి. నేను ఒకటంటాను, మీరు జత చెప్పండి. సుబ్బయ్య? ఆ, సుబ్బమ్మ. ఎల్లయ్య? ఎల్లమ్మ. వెంకయ్య? వెంకమ్మ. నాగయ్య, నాగమ్మ. గంగయ్య, గంగమ్మ. మల్లయ్య, మల్లమ్మ. రామయ్య, రామమ్మ. ఇందులో పేరేది? సుబ్బ, ఎల్ల, వెంక, నాగ, మల్ల. వాటికి ఆడా లేదు, మగా లేదు. తోకలోనే ఉంది అంతా. అయ్య తగిలిస్తే మగ, అమ్మ తగిలిస్తే ఆడ. గంగ ఆడదేవత కదా, ఆ పేరుతో గంగయ్య ఎంత హాయిగా బతికాడు! సీతయ్య లేడా? లక్ష్మయ్య లేడా? రాముడి పేరు పెట్టుకున్న రామమ్మని మగపేరు పెట్టుకున్నావేంటని ఎవరైనా అడిగారా?

ఇద్దరికీ పెట్టే పేర్లు కొత్త ఫ్యాషన్ అంటారు చూడండి, అది విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. మన పేర్ల వేళ్ళన్నీ ఇద్దరివీను. వందల ఏళ్ళుగా ఇద్దరివే.

మరి కిరణ్ దగ్గర తేడా ఎందుకొచ్చింది? తోక తెగిపోయింది కాబట్టి. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. రాముడు, సీత, రావు, రెడ్డి, ఏది చూసినా చివర అచ్చే. ఇరవయ్యో శతాబ్దం నడుస్తుండగా హిందీ సినిమాలు, రేడియో, బెంగాలీ నవలల అనువాదాలు వచ్చాయి. వాటితోపాటే పొల్లుతో ముగిసే పేర్లు వచ్చాయి. రమేష్, సురేష్, ప్రసాద్, కుమార్, కిరణ్. వినడానికి కొత్తగా, పట్నం వాటంగా ఉన్నాయి. కానీ పొల్లు మీద తోక నిలబడదు. కిరణయ్య అనలేం, కిరణమ్మ అనలేం. అని చూడండి, నోరు తిరగదు.

అప్పుడు మనవాళ్ళు ఏం చేశారు? కొత్త తోక తెచ్చారు. అబ్బాయైతే కిరణ్ కుమార్, అమ్మాయైతే కిరణ్ కుమారి. అయ్య, అమ్మ చేసిన పనే కుమార్, కుమారి చేశాయి. పొల్లుతో ముగిసే పేర్లు మన చెవికి మగవాళ్ళవిగా అలవాటయ్యాయి కాబట్టి ఉత్త 'కిరణ్' అబ్బాయిల వైపు జరిగింది. అమ్మాయిలకి కిరణ్మయి అని ఇంకొకటి తయారైంది. నిజానికి వ్యాకరణం ప్రకారం అది కిరణమయి. హిరణ్మయి ఉంది కదా, ఆ జాడలో కిరణ్మయి అయిందనుకుంటాను. తప్పని నేననను. పలికితే ఎంత అందంగా ఉంది!

ఇక్కడొక విచిత్రం చెప్పాలి. గృహ్యసూత్రాలని, ఇంట్లో చేసే సంస్కారాల పద్ధతి చెప్పే పాత సంస్కృత గ్రంథాలున్నాయి, వాటిలో నామకరణానికి ఒక నియమం ఉంది. మగపిల్లాడి పేరులో సరిసంఖ్య అక్షరాలుండాలి, ఆడపిల్ల పేరులో బేసి సంఖ్య ఉండాలి అని. ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టండి. కి, ర, ణ. మూడు. బేసి. ఆడపిల్ల! చివరి అచ్చు తీసెయ్యండి. కి, రణ్. రెండు. సరి. మగపిల్లాడు! ఒక్క 'అ' ఉండటం, ఊడటం. ఇది యాదృచ్ఛికమే, దీని మీద సిద్ధాంతం కట్టను. కానీ మొదటిసారి లెక్కపెట్టిన రోజు నాకు రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు.

సరే, ఈ పేరుకి గిరాకీ ఎప్పుడెలా ఉండేదో చూద్దాం. నేను చెప్పేది నా రిజిస్టర్లలో, నా చుట్టూ చూసిందే. ముందు కిరణ్ కుమార్‌ల కాలం. ఆ తరవాత కిరణ్ వెనక్కి జరిగి తనే తోకయింది. రవికిరణ్, శశికిరణ్, ఉదయ్‌కిరణ్, సాయికిరణ్. ఒక ఏడాది నా ఒక్క క్లాసులోనే ముగ్గురు సాయికిరణ్‌లు. ఇంటిపేర్లతో పిలిచి పిలిచి ఆ పిల్లల ఇంటిపేర్లే నాకు పేర్లయిపోయాయి.

పంచాంగం కూడా ఈ పేరుని కాపాడింది. మృగశిర నక్షత్రానికి నాలుగు పాదాలు: వే, వో, కా, కి. నాలుగో పాదంలో పుట్టిన బిడ్డకి 'కి'తో పేరు పెట్టాలి. 'కి'తో మనకి ఎన్ని పేర్లున్నాయండీ? కిషోర్, కిరణ్... ఆలోచించండి. అమ్మాయి పుడితే? కిషోర్ కుదరదు. దీర్ఘం ఫరవాలేదనుకుంటే కీర్తి. లేదంటే మళ్ళీ కిరణే. మృగశిర నాలుగో పాదం ఉన్నంతకాలం ఈ పేరు పూర్తిగా పోదని నా నమ్మకం.

అమ్మాయిల వైపు దీన్ని తిప్పింది మాత్రం ఒక మనిషి. కిరణ్ బేడీ 1972లో ఐపీఎస్‌లో చేరారు, దేశంలో మొదటి మహిళా ఐపీఎస్ ఆవిడే. ఆవిడ స్ఫూర్తితో 1990లో వచ్చిన 'కర్తవ్యం' సినిమాలో పోలీసాఫీసరుగా చేసినందుకు విజయశాంతి గారికి ఉత్తమ నటిగా జాతీయ అవార్డు వచ్చింది. 1994లో బేడీ గారికి మెగసెసే అవార్డు. ఆ రోజుల్లో ఆడపిల్ల పుడితే ఆ పేరు పెట్టుకున్న తండ్రులు నాకు తెలుసు. నా ముందు బెంచీ కిరణ్ వాళ్ళ నాన్న లారీ డ్రైవరు. పేరెంట్స్ మీటింగుకి వచ్చినప్పుడు, "కిరణ్ బేడీ పేరు పెట్టుకున్నాం మేడం, దీనికి భయం ఉండకూడదని" అన్నాడు. వెనకాల ఏ తోకా లేకుండా ఉత్త కిరణ్ అని ఎందుకు పెట్టారో అప్పుడు తెలిసింది. ఆ తండ్రి తోక మర్చిపోలేదు. వద్దనుకున్నాడు.

ఇప్పటి పిల్లల్లో కిరణ్‌లు తగ్గారు. పేర్లు ఇంకా చిన్నవయ్యాయి, ఇంకా కొత్తవయ్యాయి. కానీ విదేశాల్లో ఉన్న మనవాళ్ళు ఈ పేరుని వదల్లేదు. ఎందుకంటే తెల్లవాళ్ళ నోటికి సులువు. వాళ్ళకి దగ్గర ధ్వనితో కీరన్ అని ఒక పేరుంది. వెస్టిండీస్ క్రికెటర్ కీరన్ పొలార్డ్ తెలుసుగా మీకు? అది ఐర్లండ్ పేరు, అక్కడ మగవాళ్ళకి పెడతారు. దాని అర్థం చెప్పనా? చిన్నారి నల్లనివాడు. ఇక్కడ వెలుగు, అక్కడ నలుపు. అక్కడి స్కూల్లో ఈ రెండు పేర్ల పిల్లలు పక్కపక్కన కూర్చుంటే, ఒకర్ని పిలిస్తే ఇంకొకరు పలుకుతారు.

ఇంకొక్క మాట, మన క్రియల గురించి. 'కిరణ్' అన్నంతవరకు తెలుగులో గుట్టు దాగుతుంది. 'వచ్చాడు' అన్నారా, అయిపోయింది. 'వచ్చింది' అన్నారా, అయిపోయింది. ఏకవచనంలో మనకి మధ్యదారి లేదు. ఆడపిల్లకీ, బస్సుకీ ఒకే 'వచ్చింది' ఏమిటన్నది ఇంకో సాయంత్రం మాట్లాడుకుందాం, దాని మీద నాకు కోపం చాలా ఉంది. కానీ 'వచ్చారు' అనండి. గౌరవం ఇవ్వగానే ఆడా మగా తేడా మాయం! 2010 నుంచి 2014 దాకా మనకి కిరణ్ ముఖ్యమంత్రి, నల్లారి కిరణ్ కుమార్ రెడ్డి గారు. 2016 నుంచి 2021 దాకా యానాం వాళ్ళకి కిరణ్ లెఫ్టినెంట్ గవర్నరు, బేడీ గారు. పేపర్లో ఇద్దరికీ ఒకటే వాక్యం: 'కిరణ్ అన్నారు'. ఎవరికీ ఇబ్బంది కాలేదు. పెద్దవాళ్ళకి ఇచ్చే ఆ 'రు' పిల్లలకి ఇవ్వం కాబట్టి ఇబ్బందంతా పిల్లలకే.

ఆ పిల్ల పదో తరగతికి వచ్చింది. బోర్డుకి నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల పేర్ల జాబితా, పంపాలి. అందులో పడిన పేరే మెమో మీద వస్తుంది, మెమో మీద ఉన్నదే బతుకంతా ఉంటుంది. టీచర్లకి తెలుసు ఆ టెన్షన్. ఆఫీసులో రాసేవాళ్ళు మంచి ఉద్దేశంతోనే, అబ్బాయనుకుంటారేమోనని, ఆ పిల్ల పేరు పక్కన 'కుమారి' చేర్చారు. సంతకం చెయ్యడానికి వచ్చిన పిల్ల కాగితం చూసి పెన్ను కింద పెట్టేసింది. నా దగ్గరికొచ్చి, "మేడం, ఇది మా నాన్న పెట్టిన పేరు కాదు" అంది. ఈసారి తల దించుకోలేదు. నేను వెళ్ళి ఆ మాట కొట్టించి, పక్కన ఇనీషియల్ వేయించాను. ఎర్ర ఇంకుతో ఒక గీత, అంతే. నా సర్వీసులో నేను చేసిన మంచి పనులు లెక్కపెడితే ఆ గీత ముందుంటుంది.

క్లాసులో ఇద్దరు కిరణ్‌ల సంగతి ఏమైందని అడుగుతారేమో. పిల్లలే తేల్చుకున్నారండీ. ఆడ కిరణ్, మగ కిరణ్ అనలేదు. ముందు బెంచీ కిరణ్, వెనక బెంచీ కిరణ్ అన్నారు. నాకు తట్టలేదు ఆ మాట.

రెండేళ్ళ కింద నాకు ఒక ఫోన్ వచ్చింది. కొత్త నంబరు. జలుబు చేసి గొంతు బొంగురుగా ఉంది. "మేడం, నేను కిరణ్‌ని మాట్లాడుతున్నాను" అంది ఆ గొంతు. హిందీలో అయితే 'బోల్ రహా', 'బోల్ రహీ' దగ్గర తెలిసిపోయేది. మన 'మాట్లాడుతున్నాను'లో తెలియదు. ఎవరా అని నేను ఆలోచిస్తుంటే అటు నుంచే వచ్చింది, "ముందు బెంచీ, మేడం" అని.

సరే, ఇక మీరు మాట్లాడండి. ఇందాకటి నుంచి ఆ మూల ఒక అమ్మాయి చెయ్యెత్తి ఉంది. మైకు ఆ అమ్మాయికివ్వండి. నీ పేరేంటమ్మా?